యాభైకి నలభై ఆరు

చొక్కాలు ఇస్త్రీ చేస్తుండగా కాలేజీ నుంచి ఫోన్ వచ్చింది. గణిత ప్రావీణ్య పరీక్షలో నా మార్కుల విషయంలో ఒక సందేహం ఉందనీ, మర్నాడు పరీక్షల విభాగానికి రమ్మనీ చెప్పింది అక్కడి మేడం. సరేనన్నాను. అప్పటికే చేసిన చొక్కానే మళ్ళీ చేశాను.

మా కాలేజీలో చరిత్ర చదివినా, సాహిత్యం చదివినా ఆ పరీక్ష గట్టెక్కితేనే డిగ్రీ పట్టా చేతికిస్తారు. ఏడో తరగతి కూతురున్న నేను మిగతా పేపర్లన్నీ పాసై దాని దగ్గర ఆగిపోయాను. మొదటిసారి యాభైకి పద్నాలుగొచ్చాయి. "పోనీలే, పళ్ళ డాక్టరు దగ్గర పేర్లు రాసుకోవడానికి బీజగణితం ఎందుకు?" అన్నాడు మా ఆయన, ఎంతో ప్రేమగా. తర్వాత నాలుగు నెలలు అన్నం ఉడికేలోపు రెండు సమీకరణాలు, వాషింగ్ మెషిన్ ఆగేలోపు ఒక శాతం లెక్క, క్లినిక్‌లో పేషెంటు లోపల నోరు తెరుచుకున్నంతసేపూ ఒక గ్రాఫు. పుస్తకం కనబడితే డాక్టరుగారు "ఇది బడా?" అనేవాడు. నా పనిలో లేని టీ కలిపి ఇస్తున్నప్పుడు మాత్రం ఇది హోటలా అని ఎప్పుడూ అడగలేదు.

రెండోసారి నలభై ఆరు. "అయితే ఇక మాడిన కూరలు తినక్కర్లేదన్నమాట" అంది అత్తయ్య. మా ఆయన నా ఫోన్ తీసుకుని ఆ అంకెను రెండుసార్లు చూశాడు. పరీక్షలో నీ పక్కన ఎవరు కూర్చున్నారని అడిగాడు. హాస్యమాడాడనుకుని నవ్వాను కూడా.

మర్నాడు పరీక్షల మేడం నా రెండు జవాబు పత్రాలూ ముందు పెట్టుకుని కూర్చుంది.

"మార్కులు పెరిగితే మేం పిలిపించం. కానీ ఒక ఫోన్ వచ్చింది. మీ ఇంటి నుంచే."

ఎవరని అడిగాను. చెప్పకూడదట. రాసుకున్న కాగితం మాత్రం చదివింది. "ఆవిడ చిన్న కూడికకైనా వేళ్ళు లెక్కపెట్టుకుంటుంది, ఎవరిదో చూసి రాసి ఉంటుంది, ఒకసారి పరిశీలించండి." తర్వాత మేడం నా ముందు రెండే దారులు పెట్టింది. పాత మార్కులు ఒప్పుకుని ఏడాదిపాటు ప్రాథమిక గణితం క్లాసులో కూర్చోవాలి, లేదా శుక్రవారం ఆవిడ ఎదురుగా కొత్త పేపరు రాయాలి. రాస్తానన్నాను.

ఆ రెండు రోజులూ మా ఇంట్లో నేను దొంగను పట్టుకునే పోలీసునైపోయాను. నేను కాక ఇంట్లో ఉన్నది ముగ్గురు. సెల్‌ఫోన్ లాక్కున్నానని పిల్లకు నా మీద కోపం ఉంది. దాని ముఖంలోకి అదేపనిగా చూస్తే "ఏంటమ్మా, మొటిమొచ్చిందా?" అంది. కన్నకూతుర్ని అనుమానించినందుకు సిగ్గేసింది, అయినా మానలేదు. అత్తయ్య మీద అయితే అనుమానం కాదు, దాదాపు నమ్మకమే. చదువు మొదలుపెట్టిన రోజున ఇక ఇల్లెవరు చూస్తారన్నది ఆవిడే. ఆవిడ దగ్గినా, తలుపు దగ్గరగా వేసినా నాకు ఏదో అర్థం కనబడేది. గురువారం మధ్యాహ్నం ఆవిడ చిక్కుళ్ళు వొలుస్తుంటే ఎదురుగా కూర్చుని అడిగేశాను.

"నాకు ఫోన్ చేయడమే వస్తే, మా చెల్లెలికి కలిపిపెట్టమని రోజూ నీ వెంట ఎందుకు పడతానమ్మా?"

తల దించుకున్నాను. ఇంకో కాయ వొలిచి ఆవిడే అంది. "వాడు చేశాడు. బాల్కనీలో నిలబడి. కాలేజీ అన్నాడు, లెక్కలన్నాడు. నీ కోసమే మాట్లాడుతున్నాడనుకుని సంతోషించాను."

ఆ సాయంత్రం అతనికి మామూలుగానే అన్నం వడ్డించాను. రేపటి పరీక్ష ఎందుకు, హాయిగా ఆ క్లాసులో చేరిపో, గొడవెందుకు అని బుజ్జగించాడు. ఆ గొంతులో ఎక్కడైనా తడబాటు ఉందేమోనని చెవులు రిక్కించి విన్నాను. లేదు. అదే నన్ను భయపెట్టింది.

శుక్రవారం మేడం పేపరు వైపు కాదు, నా చేతుల వైపే చూస్తూ కూర్చుంది. మూడో లెక్క దగ్గర కూడిక వచ్చింది. ఎడమ చెయ్యి టేబుల్ మీద పెట్టి, ఆవిడకు కనబడేలా, వేళ్ళ మీదే లెక్కపెట్టాను. అక్కడే దిద్దింది. నలభై ఏడు. క్షమించమనలేదు గానీ లేచి నిలబడి తలుపు తీసింది.

ఇంటికొచ్చి అతనికి చెప్పాను. ఫోన్ చేసింది మీరేనని తెలుసన్నాను. కాదనలేదు.

"నీ మంచికే చేశాను. తర్వాతెప్పుడో బయటపడితే పరువు పోయేది మనకే కదా. ఇప్పుడు నాకు నమ్మకం కుదిరింది, చాలా?"

అతనికి నమ్మకం కుదిరింది. సరిగ్గా అప్పుడే నాకు పోయింది. నా తరఫున అతను మాట్లాడిన ఫోన్లన్నీ వరసగా గుర్తుకు రావడం మొదలైంది. పాప పుట్టకముందు ఒక బడి లైబ్రరీలో సహాయకురాలి ఉద్యోగానికి వెళ్ళొచ్చాను. ఎప్పుడు చేరతారని కూడా అడిగారు నన్ను. వారం తర్వాత, వేరే ఎవర్నో తీసుకున్నామని వాళ్ళు ఫోన్ చేశారని అతనే చెప్పాడు. ఆ రోజు నా భుజం తట్టాడు కూడా. నాలో ఏదో తక్కువుందనుకుని పన్నెండేళ్ళు ఇంకెక్కడా అడగలేదు నేను. క్లినిక్‌లో పని కూడా అతను ఫోన్‌లో మాట్లాడి పెట్టిందే.

"వాళ్ళు నిజంగా ఫోన్ చేశారా, మీరు చేశారా?" అన్నాను.

అంతే అన్నాను. ఎవరి గురించో, ఏ ఫోన్ గురించో చెప్పలేదు.

అతను అడగనూ లేదు.