తలుపు వేస్తేనే వచ్చే చప్పుడు

గిటారులో చప్పుడొస్తోందని ఎవరు ఫోన్ చేసినా నేను ముందు అడిగేది ఒకటే, కేబుల్ మార్చి చూశావా అని. చాలామంది చూసి ఉండరు. గిటారుకు తగిలించే పెట్టెలో దయ్యం దూరిందన్నట్టు మొహం వేసుకుని నా దగ్గరకు వస్తారు, తెగిన కేబుల్ ఒకటి మార్పించుకుని పోతారు. మా ఊరు జ్రెన్యానిన్‌లో ఏ వేదిక మీద ఎవరు వాయించినా సౌండ్ చూసేది నేనే. నాకు ఓపిక తక్కువని ఊళ్లో అందరికీ తెలుసు.

స్ట్రాహిన్యా మాత్రం మార్చి చూశాడు. "ఆ పెట్టె తప్ప అన్నీ మార్చాను రా బుడా. ఒక్కసారి రారా," అన్నాడు. వాడి గొంతు విన్నాక తిట్టబుద్ధి కాలేదు. నిజానికి ఆ ఇంట్లో అడుగు పెట్టాలంటే నాకు కాళ్లు రావు. వాడి భార్య ఇస్క్రా పోయి ఏడాది కావస్తోంది. మా బ్యాండులో పాడేది ఆ అమ్మాయే. చిన్న ఆపరేషనే, వారంలో వచ్చేస్తానని నవ్వుకుంటూ ఆస్పత్రికి వెళ్లింది, తిరిగి రాలేదు.

తలుపు తీసింది ఇస్క్రా వాళ్లమ్మ, డెసాంకా పిన్ని. తలగుడ్డ నుంచి మేజోళ్ల దాకా అంతా నలుపే. హాల్లో రేడియో మీద కూడా నల్లగుడ్డ కప్పి ఉంది. మా వైపు చావు జరిగిన ఇంట్లో ఏడాది పాటు పాట వినపడకూడదు. ఈ కాలం కుర్రాళ్లు నలభై రోజులతో సరిపెట్టేస్తారు గానీ, పిన్ని దగ్గర ఆ ఆటలు సాగవు. టీవీ కూడా నోరు కట్టేసి చూస్తుంది.

"రా నాయనా. ఎంత చిక్కిపోయావు! నీకు అన్నం పెట్టేవాళ్లే లేరా?" అంది.

"నేను చిక్కడమేంటి పిన్నీ, మెట్లెక్కలేక చస్తుంటే," అన్నాను.

పిన్ని నవ్వలేదు. కాఫీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లింది.

స్ట్రాహిన్యా గదిలో మంచం మీద గిటారు, కింద ఆ డిజిటల్ పెట్టె ఉన్నాయి. పాతకాలపు బండరాళ్లలాంటి యాంప్‌ల గొంతులన్నీ ఆ చిన్న పెట్టెలో ఉంటాయి. గిటారు దానికి తగిలించి, దాన్ని కంప్యూటర్‌కు కలిపి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే చెవుల్లో పెద్ద హాలు మోగుతుంది, గదిలో మాత్రం తీగలు గీకిన టిక్కు టిక్కు తప్ప ఏమీ ఉండదు. నాకు వినపడనంతవరకు నీ ఇష్టం నాయనా అని పిన్ని ఒప్పుకుందట. అలా ఏడాదిగా తలుపు వేసుకుని వాయిస్తున్నాడు.

"ఇది విను," అని హెడ్‌ఫోన్స్ నా చెవులకు పెట్టాడు.

గిటారు మీద ఒకే ఒక్క స్వరం పొడుగ్గా సాగి, సన్నబడి, ఆరిపోతూ ఉంటుంది. అది పూర్తిగా ఆరేచోట ఇస్క్రా గొంతు మొదలవుతుంది. ఆస్పత్రికి వెళ్లే ముందు రోజు ఇదే గదిలో పాడి రికార్డు చేసిందట, గిటారు తర్వాత కలుపుదాంలే అనుకున్నారట. ఆ గొంతు వినపడగానే నేను హెడ్‌ఫోన్స్ తీసేశాను. వాడు చూడనట్టు నటించాడు.

"సంవత్సరీకం రోజు శ్మశానం నుంచి వచ్చాక అత్తయ్య ఆ నల్లగుడ్డ తీస్తుంది. తీశాక ఈ ఇంట్లో మొదట వినపడేది ఇస్క్రా గొంతే కావాలి రా. వార్తలొద్దు, వాతావరణం వద్దు. అదే ముందు వినపడాలి. అత్తయ్య వినాలి. కానీ ప్రతిసారీ సరిగ్గా ఆ స్వరం ఆరిపోయే చోట గరగరమని ఏదో వస్తోంది. వచ్చే ఆదివారమే సంవత్సరీకం."

"గేట్ పెట్టుకోవచ్చుగా?" అన్నాను. ఆ పెట్టెలో ఒక ఏర్పాటు ఉంటుంది, సన్నటి చప్పుళ్లను అది నొక్కేస్తుంది.

"పెడితే స్వరం తోక కూడా తెగిపోతోంది. ఆ తోక పట్టుకునే కదరా దాని గొంతు మొదలవ్వాలి!"

నిజమే. నేను చొక్కా చేతులు మడిచాను.

ముందు కంప్యూటర్ చార్జర్ పీకేశాను. ఎర్త్ సరిగా లేని పాత బిల్డింగుల్లో సగం రోగం అక్కడే ఉంటుంది. అడుగున ఉన్న మూలుగు తగ్గింది. వెలుతురు తగ్గించుకునే బల్లదీపం ఒకటుంటే అదీ ఆర్పాను, ఇంకాస్త తగ్గింది. పెట్టెలో వీడు అవసరానికి మించి పెంచి పెట్టుకున్న గెయిన్, అంటే లోపలికి లాక్కునే జోరు, దించాను. వెనకాల వచ్చే బుస కూడా పోయింది. "యాంప్ పెట్టమంటే ప్రెషర్ కుక్కర్ పెట్టుకున్నావేంట్రా," అని రెండు తిట్లు తిట్టాను. పిన్ని కాఫీ తెచ్చింది, గుమ్మంలో నిలబడి కాసేపు చూసింది, కప్పులు తీసుకెళ్లింది, మళ్లీ కేకు ముక్కలతో వచ్చింది. అంతసేపూ గిటారు పసిపిల్లలా నిద్రపోయింది.

"అయిపోయింది. రికార్డు చేసుకో," అన్నాను గర్వంగా.

తలుపు వేశాం. వాడొక హెడ్‌ఫోన్స్, నేనొకటి పెట్టుకున్నాం. వాడు స్వరం వాయించాడు. అది సాగి, సన్నబడుతుండగా ఎండు సెనగలు డబ్బాలో ఆడించినట్టు గరగర వచ్చింది.

తలుపు తీసి, పెట్టె కనెక్షన్లన్నీ మళ్లీ చూశాను. ఏమీ లేదు. పిన్ని వచ్చి కేకు తినలేదేమని మందలించింది. అప్పుడూ ఏమీ లేదు. తలుపు వేసి వాయిస్తే మళ్లీ అదే. నాకు ఒళ్లు మండింది. తలుపు వేస్తే వచ్చి, తీస్తే పోయే చప్పుడు నా అనుభవంలో లేదు.

"ఉండు," అని పెట్టెలోని హంగులన్నీ ఒక్కొక్కటే తీసేశాను. ప్రతిధ్వని తీశాను, హాలు తీశాను, యాంప్ కూడా తీసేసి ఒట్టి గిటారు మాత్రం మిగిల్చాను. గిటారు గొంతు పూర్తిగా తగ్గిస్తే చప్పుడు లేదు, పెంచితే ఉంది. అంటే కేబుళ్లలోంచి రావడం లేదు, గాల్లోంచి గిటారు లాక్కుంటోంది. స్వరం గట్టిగా ఉన్నంతసేపూ దాని కింద దాక్కుని, సన్నబడగానే బయటపడుతోంది. హంగులు లేని ఆ చప్పుడు ఇప్పుడు విడివిడిగా వినపడింది. డిట్-డిడిట్, డిట్-డిడిట్, ట్ర్ర్ర్.

"ఫోన్ రా ఇది, గాడిదా! పాత ఫోన్‌కు కాల్ వచ్చేటప్పుడు వచ్చే చప్పుడు. నీ ఫోన్ ఎక్కడ?"

"కింద కారులో పెట్టాను. ఏడాదిగా వింటున్నా ఆ మాత్రం అనుమానం రాదా నాకు?"

నాది బ్యాటరీ అయిపోయి చచ్చి ఉంది. గిటారు వాడి చేతిలోంచి తీసుకుని, పసిబిడ్డలా ఎత్తుకుని గదంతా తిరిగాను. కిటికీ దగ్గర తగ్గింది, మంచం దగ్గర పెరిగింది, బీరువా దగ్గర చెవులు పగిలేంతగా వచ్చింది. స్ట్రాహిన్యా బీరువా తెరవలేదు. అది ఇస్క్రా బీరువా. నేనే తెరిచాను.

వరసలో ఆఖరున ఆకుపచ్చ కోటు ఉంది. దాని జేబులోంచి వెలుతురు కనపడుతోంది. మడత ఫోన్, ఆ అమ్మాయి పాత ఫోన్, ఆస్పత్రిలో పోయిందనుకున్నది. మూత మీది చిన్న అద్దంలో "అమ్మ" అని వెలిగి ఉంది.

మేము చూస్తుండగానే ఆరిపోయింది. వాడు నా మొహం చూశాడు, నేను వాడి మొహం చూశాను. తలుపు తీసుకుని వంటింటి దాకా వెళ్లాం.

డెసాంకా పిన్ని గోడ ఫోన్ రిసీవర్ చెవికి గట్టిగా అదుముకుని, మా వైపు వీపు పెట్టి నిలబడి ఉంది. రిసీవర్‌లోంచి ఇస్క్రా గొంతు సన్నగా వినపడింది. ఇప్పుడు దొరకను, కాసేపట్లో నేనే చేస్తాను అంటోంది, ఎవరూ ఎత్తకపోతే వినపడేలా ఎప్పుడో రికార్డు చేసి పెట్టిన మాటలు. పిన్ని రిసీవర్ పెట్టేసి వెనక్కి తిరిగింది. దొంగతనం చేస్తూ దొరికినట్టు ఎర్రబడింది.

"నువ్వు తలుపు వేసుకుని చెవులు మూసుకున్నప్పుడే చేస్తాను నాయనా," అంది అల్లుడితో. "నీకు వినపడదు కదాని. మోగకుండా దాని నోరు కూడా నొక్కేశాను. ఏడాది లోపల ఇంట్లో ఏదీ మోగకూడదుగా. నువ్వు పనికి వెళ్లాక చార్జింగ్ పెడతాను."

నేను నా తెలివితేటలు బయటపెట్టాను. ఇప్పటికీ నాలుక కొరుక్కుంటాను.

"దానికేం పిన్నీ, ఫోన్ ఆపేసి చేసుకో. ఆపినా ఆ గొంతు వస్తుంది. అది ఫోన్‌లో ఉండదు, కంపెనీ వాళ్ల దగ్గర ఉంటుంది."

"తెలుసు," అంది పిన్ని. "ఆపేస్తే గొంతు వెంటనే వచ్చేస్తుంది, మోగదు. నేను చేసేది గొంతు కోసం కాదురా. ఈ రిసీవర్‌లో నా చెవికి మోగుతుంది చూడు, ఆ కాసేపు... ఆ కాసేపు, ఎత్తుతుందేమో అనిపిస్తుంది."

నేను గోడ వైపు చూశాను. అక్కడి కుళాయి కారుతోంది, ఎవరూ బాగుచేయించలేదు.

"పోనీ ఆ ఫోన్ ఇక్కడ పెట్టుకో అత్తయ్యా," అన్నాడు స్ట్రాహిన్యా చివరికి. "నీ దగ్గరే."

"ఇక్కడ పెడితే నా కళ్లెదురుగా వెలుగుతుంది. ఎవరూ ఎత్తడం లేదని కనపడిపోతుంది." ఏప్రన్ అంచుతో బల్ల తుడిచింది. "మీ పనేదో కానివ్వండి. అయ్యేదాకా నేను చెయ్యను. ఏ పనో చెప్పలేదు నువ్వు, నేను అడగను కూడా."

తలుపు వేసుకుని ఆ స్వరం మళ్లీ రికార్డు చేశాం. అద్దంలా వచ్చింది. నేను పుట్టి బుద్ధెరిగాక అంత శుభ్రమైన గిటారు వినలేదు. బయటికి వస్తుంటే పిన్ని వంటింట్లో కుర్చీలో ఒట్టి చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. మా పని అయిపోయిందని చెప్పకుండానే మెట్లు దిగాను.

ఆదివారం శ్మశానం నుంచి వచ్చాం. అందరూ చక్కెర కలిపిన ఉడికిన గోధుమలు ఒక్కో చెంచా నోట్లో వేసుకున్నారు. గ్లాసులు తగిలించకుండా, ఇస్క్రా కోసం ఒక చుక్క నేల మీద ఒంపి రాకియా సారా తాగారు. చుట్టాలు వెళ్లాక మేం ముగ్గురమే మిగిలాం. పిన్ని రేడియో మీది గుడ్డ తీసి, మడత పెడుతూ నిలబడింది.

"అత్తయ్యా, ఒకటి విను," అని స్ట్రాహిన్యా స్పీకర్లు పెట్టాడు.

స్వరం మొదలైంది. ఏడాది తర్వాత ఆ ఇంటి గోడలు తాకిన మొదటి చప్పుడు. అది సాగి, సన్నబడింది. సన్నబడేచోట డిట్-డిడిట్, డిట్-డిడిట్, ట్ర్ర్ర్ అని వచ్చింది.

వెధవ, తప్పుది పెట్టేశాడు! ఆపడానికి లేచాను. వాడు నా చెయ్యి పట్టుకుని లాగి కూర్చోబెట్టాడు. తప్పుది కాదని అప్పుడర్థమైంది. శుభ్రమైనదాన్ని పక్కన పడేసి వాడు కావాలనే ఇది పెట్టాడు.

"ఏంటది?" అంది పిన్ని.

"నువ్వే అత్తయ్యా. ఫోన్ చేస్తున్నావు."

పిన్ని చేతుల్లో గుడ్డ అలాగే ఉండిపోయింది. గరగర ఇంకాస్త సాగి ఆగింది. ఇస్క్రా పాడటం మొదలుపెట్టింది.

"ఎత్తింది," అంది పిన్ని.

పాట అయ్యేదాకా నిలబడే విన్నది. అరచెయ్యి చెవి మీదే పెట్టుకుంది, రిసీవర్ పట్టుకున్నట్టు. పాట ముగిశాక, ఇంకా ఏమైనా ఉందేమోనని ఆగింది. ఏమీ లేదు.

"పెట్టేసింది," అంది.

లోపలికి వెళ్లి బీరువా తెరిచింది. మడత ఫోన్ తెచ్చి అల్లుడి చేతిలో పెట్టి, "ఇక ఆపెయ్ నాయనా," అంది. వాడు బొటనవేలు మీట మీద పెట్టాడు. ఎంతసేపైనా నొక్కలేకపోయాడు. చివరికి నా చేతికిచ్చాడు. నేనే ఆపాను.