గడప దాటని బావగారు

మా లువో తెగవాళ్ళలో పెద్దకొడుకు తండ్రి ఆవరణ దాటి ఇల్లు కట్టుకుంటేగానీ చిన్నవాడు వేరు కాపురం పెట్టకూడదు. పెళ్ళాం లేనివాడు ఇల్లు కట్టకూడదు. మా బావగారు ఒబియెరోకి నలభై దగ్గర పడుతున్నా పెళ్ళి ఊసే లేదు. దాంతో నేనూ నా మొగుడు ఒగ్వెనో ఆవరణలో ఓ పాకలో పడి ఉన్నాం. నాకు సొంత పొయ్యి కావాలి, అంతే. అత్త పొయ్యి మీద సంకటి గెలికి బావగారికి వడ్డించడంతోనే నా వయసు కరిగిపోతోంది.

చూపించిన ప్రతి అమ్మాయికీ ఆయన వంక పెట్టాడు. ఒకతె పొట్టి, ఒకతెకి నోరెక్కువ. ఒళ్ళు మండి పులుసులో చేపముక్క వెయ్యడం మానేశాను. మారు మాట్లాడకుండా తినేశాడు. ఇక ఉండబట్టలేక అడిగేశాను.

"బావగారూ, అమ్మ చేతి వంట వదల్లేకపోతున్నారా?"

"వండేది నువ్వేగా. వదల్లేనంత గొప్పగా ఏం లేదులే."

"మరి కదలరేం?"

"మా నాన్న మా అమ్మతో మాట్లాడగా ఎప్పుడైనా విన్నావా?"

వినలేదు. "ఒబియెరో, మీ అమ్మనడుగు." "ఒబియెరో, మీ నాన్నకి చెప్పు." అన్నీ బావగారి ద్వారానే. ఇంటినిండా మాటలే, అందుకే నాకు తట్టలేదు. ఎప్పుడో అత్త పుట్టింటివాళ్ళిచ్చిన ఎద్దుని మామగారు అడక్కుండా అమ్మేశారట, అప్పట్నుంచీ ఇద్దరికీ మాటల్లేవట.

"వాళ్ళ పంతానికి మా బతుకు బలా?" అన్నాను. నాకు జాలి వెయ్యలేదు, కోపమే వచ్చింది.

కోతలయ్యాక ఆయన ఎండుచేపలమ్మే అడోయోని పెళ్ళాడాడు. ఒక తెల్లవారుజామున మా ఆచారం ప్రకారం మామగారు ముందు నడిచారు. బావగారు పుంజునీ గొడ్డలినీ పట్టుకుని, అడోయో నిప్పు పట్టుకుని వెళ్ళి వాగు అవతల ఇల్లు నిలబెట్టారు. నేను సంబరంతో పాటలు కూడా పాడాను.

తర్వాత ఇంట్లో చప్పుడే లేదు. మామగారు వంటింటి గుమ్మం దాకా వచ్చి, నోరు తెరిచి, వెనక్కి వెళ్ళిపోయేవారు. అత్త ఆయన కంచం బయట పెట్టి కుండకేసి చూస్తూ కూర్చునేది. ఓ సాయంత్రం ఆయన దగ్గుతున్నారు.

"అవినో, జ్వరమేమో అడుగు," అంది అత్త, తలెత్తకుండా.

వెళ్ళి అడిగాను.

"జ్వరం లేదని చెప్పు. వాన పడేలా ఉంది, కట్టెలు లోపల పెట్టుకోమను. తడికట్టెల పొగ దాని కళ్ళకి పడదు."

వచ్చి చెప్పాను. అత్త కట్టెలు తానే మోసుకొచ్చింది. "మిరియాల కషాయం కాస్తున్నానని చెప్పు," అంది. మళ్ళీ వెళ్ళాను, అచ్చం బావగారిలా.

ఆ రాత్రి ఒగ్వెనో నవ్వుకుంటూ పాకలోకి వచ్చాడు.

"నాన్న మన ఇల్లు కట్టడానికి ఎల్లుండి బయల్దేరదామన్నాడే. నీ పొయ్యిరాళ్ళు ఏరుకో!"

"ఎల్లుండొద్దు," అన్నాను.

"ఏం, పిచ్చి పట్టిందా? ఇన్నాళ్ళూ నా ప్రాణం తోడింది నువ్వే కదా! మరెప్పుడు?"

నాకు ఏడుపొచ్చింది. ఎప్పుడో నాకు మాత్రం తెలిస్తేగా.