నాగులేటి రేవులో ఒంటరి రాజు

నేను ఒక యుద్ధాన్ని. బరువు తక్కువ యుద్ధాన్ని లెండి. పొద్దున్నే మీ ఫోనులో వచ్చి పడే శుభోదయం బొమ్మలో సగం కూడా ఉండను. కంప్యూటర్ తెలిసినవాళ్లు నన్ను ఫైలు అంటారు. ఆ కాస్త చోటులోనే రెండు రాజ్యాలు, పదకొండు కోటలు, నూట నలభై దళాలు, ఆరు ఏనుగులు సర్దుకుని ఉన్నాయి. ఇన్ని కత్తులు పొట్టలో పెట్టుకుని కుదురుగా కూర్చోమంటే ఎవరి వల్ల అవుతుంది? పుట్టిన దగ్గర్నుంచీ నాకు ఒకటే తహతహ.

నన్ను పుట్టించినవాడు చెన్నకేశవులు. నరసరావుపేటలో సర్వే ఆఫీసులో పటాలు గీసే ఉద్యోగం అతనిది. ఎక్కడో పైదేశంవాళ్లు చేసిన యుద్ధాల ఆట ఒకటి అతని చేతికి చిక్కింది. అందులో మనకు కావలసిన యుద్ధాన్ని మనమే తయారు చేసుకునే వీలుంది. కారెంపూడిలో పుట్టినవాడికి వేరే యుద్ధం ఎందుకు గుర్తొస్తుంది? అన్నదమ్ములు కొట్టుకుని నాశనమైన పలనాటి యుద్ధాన్నే ఎంచుకున్నాడు. ఒక వేసవి సెలవులన్నీ కూర్చుని గురజాల, మాచర్ల, కారెంపూడి అన్నీ కొలత తప్పకుండా గీశాడు. కాకపోతే ఆటలో ఉన్న బొమ్మలు పైదేశానివి. కాబట్టి నా పలనాటి వీరులు నిలువెల్లా ఇనుప తొడుగులు వేసుకుని ఎండలో తిరుగుతారు. నా నల్లమల మీద మంచు ఉంటుంది. అన్నిటికంటే విడ్డూరం నాగులేరు. ఆటలో ఏరు ఒకటే కొలత, అదీ ఓడలు తిరిగేంత. చీలమండ తడిస్తే గొప్ప అనుకునే నాగులేరు నాలో సముద్రమంత అయి కూర్చుంది. దాటాలంటే ఒకే ఒక్క రేవు. పటాలు గీసేవాడు తన ఊరి ఏటినే తప్పు గీశానని తెలిసి పడీ పడీ నవ్వాడు. మార్చడం మాత్రం అతని వల్ల కాలేదు.

ఆట తయారీ చివర, మొత్తం ఎన్ని వంతులు ఉండాలని కంప్యూటర్ అడిగింది. వంతు అంటే మరేం లేదు, ఒకరు తన సైన్యాన్ని కదిపి 'అయింది' అనే మీట నొక్కాలి, తర్వాత రెండోవాడు. ఇద్దరూ ఆడితే ఒక వంతు పూర్తయినట్టు. అన్ని వంతులు ఆడే ఓపిక ఎవడికి ఉంటుందిలే అని చెన్నకేశవులు నూరు అని కొట్టాడు. నూరో వంతులో రెండోవాడు మీట నొక్కగానే కోటలు లెక్కపెట్టి గెలిచిందెవరో తేల్చి ఆట మూసుకుపోతుంది. ఇక తెరుచుకోదు.

రెండోవాడు అతని తమ్ముడు అంకారావు. కారెంపూడి బస్టాండు దగ్గర జిరాక్స్, మొబైల్ రిపేరు షాపు ఇతనిది. ఆటలో అన్నది గురజాల రాజ్యం, తమ్ముడిది మాచర్ల. మొదట్లో నేను పెన్‌డ్రైవులో పల్లెవెలుగు బస్సెక్కి తిరిగాను. తర్వాత ఈమెయిల్లో వెళ్లడం నేర్చాను. "ఒరే అంకయ్యా, నీ ఏనుగులకి మేత అయిపోయిందిరోయ్, చూసుకో" అని అన్న రాస్తే, "నీ గురజాలలో నువ్వే మిగుల్తావు, నాలుగు రోజులాగు" అని తమ్ముడు రాసేవాడు. అప్పట్లో ప్రతి వంతులోనూ రెండు దళాలు తెగ్గొట్టుకునేవారు. నా బతుకులో అవే మంచి రోజులు.

ముప్ఫై ఎనిమిదో వంతు నడుస్తుండగా వాళ్ల నాన్న పోయాడు.

ఆ ఇంట్లో ఒక ఈటె ఉంది. కార్తీకంలో వీరుల ఉత్సవాలకు ఎన్నో ఊళ్లనుంచి ఆచారవంతులు తమ ఇళ్లలో తరతరాలుగా కొలిచే వీరుల ఆయుధాలను మోసుకుని కారెంపూడి వస్తారు. వాటికి నాగులేట్లో స్నానం చేయిస్తారు. వీళ్ల ఇంటి ఈటెను నాన్న మోసేవాడు. ఆయన తర్వాత ఎవరు మోయాలో ఆయన చెప్పలేదు. "పెద్దోణ్ణి నేను" అన్నాడు చెన్నకేశవులు. "ఏడాది పొడుగునా దానికి దీపం పెట్టేది నేను" అన్నాడు అంకారావు. ఊరేగింపు మధ్యలో, డప్పుల మధ్య, వందలమంది చూస్తుండగా ఇద్దరూ చెరో కొస పట్టుకుని లాగారు. పాతకాలపు కర్ర ఫెళ్లున విరిగింది. ఇనుప మొన తమ్ముడి చేతిలో మిగిలింది, కర్ర అన్న చేతిలో. అన్న ఆ కర్రతోనే బస్సెక్కి వెళ్లిపోయాడు.

తొమ్మిదేళ్లు మాటల్లేవు. తొమ్మిదేళ్లు ఆ ఇంటి ఈటె ఏటికి వెళ్లలేదు.

నా పని అయిపోయిందనుకున్నాను. నలభై రోజులు చెన్నకేశవులు కంప్యూటర్లో పడి ఉన్నాను. నలభై ఒకటో రోజు అతను నన్ను తెరిచాడు, ఒక గుర్రపు దళాన్ని రెండు గళ్లు ముందుకు జరిపాడు, మళ్లీ వెనక్కి తెచ్చాడు, 'అయింది' నొక్కాడు. ఒక్క అక్షరం రాయకుండా నన్ను తమ్ముడికి పంపాడు. తమ్ముడు నన్ను తెరిచి చాలాసేపు చూశాడు. ఒక ఏనుగును కొండ ఎక్కించి, దింపి, పంపాడు.

అలా మొదలైంది నా నరకం. నెలన్నరకో రెండు నెలలకో ఒకసారి అటు వెళ్తాను, ఇటు వస్తాను. కొట్టుకోవడం లేదు! కత్తులు తుప్పు పట్టవు కాబట్టి సరిపోయింది గానీ, నా వీరుల పరువు పోయింది. ఒకసారి తమ్ముడి కాల్బలం పొరపాటున రేవు దాకా వచ్చింది. నాకు ప్రాణం లేచొచ్చింది. అన్న ఏం చేశాడు? తన మనుషుల్ని నాలుగు గళ్లు వెనక్కి పిలిచాడు. ఇదేం యుద్ధమండీ? ఇద్దరికీ ఆట మీద ధ్యాస లేదు. ఎదుటివాడు ఇంకా మీట నొక్కుతున్నాడా లేదా, అంతే వాళ్లకు కావలసింది. నేను యుద్ధాన్ని కాను, క్షేమ సమాచారాన్ని అయిపోయాను.

ఒకసారి అన్న దగ్గర్నుంచి మూడు నెలలు దాటినా నేను రాలేదు. అతనికి గుండె ఆపరేషన్ జరిగిందట, నేను మూత వేసిన కంప్యూటర్లో చీకట్లో ఉన్నాను. ఇక్కడ అంకారావు షాపులో కూర్చుని రోజుకు యాభైసార్లు మెయిలు తెరిచి చూశాడట. ఆధార్ కార్డు జిరాక్స్‌కు వచ్చిన ముసలమ్మ మీద కూడా విసుక్కున్నాడట. తర్వాత నేను చేరాక, అతని భార్య కోటేశ్వరి దెప్పుతుంటే విన్నాను.

"ఏమయ్యా, అంత కంగారైతే ఒక్క ఫోన్ చెయ్యకూడదంటయ్యా? నీ నోటి ముత్యాలేమన్నా రాలిపోతయ్యా?"

"అప్పుడు ఆయన వంతు నడస్తంది. నేనెట్టా కదుపుతా?"

"ఇప్పుడు నీ వంతేగా, చెయ్యి మరి."

అంకారావు ఏనుగును కొండ ఎక్కించాడు.

తొంభై ఐదు దాటాక నా మూలన ఒక అంకె ఎర్రగా వెలగడం మొదలుపెట్టింది. ఐదు వంతులు మిగిలాయి. నాలుగు. ఇద్దరూ చూశారు. అప్పటినుంచి నన్ను పంపడం ఇంకా ఆలస్యం చేశారు. పండక్కి కొన్న మిఠాయిని పిల్లలు కొంచెం కొంచెంగా కొరికి తిన్నట్టు, ఒక్కొక్క వంతును మూడు నెలలు అట్టే పెట్టుకున్నారు. ఎంత లాగినా నూరు నూరే కదా.

కార్తీకం వచ్చింది. నూరో వంతు ఆడటానికి చెన్నకేశవులు ఒక సెలవు రోజు పొద్దున కళ్లజోడు తుడుచుకుని కూర్చున్నాడు. గోడకు ఆనించిన విరిగిన కర్ర అతని వెనక నాకు కనిపిస్తోంది. దళాల్ని ఒక్కదాన్నీ ముట్టలేదు. తన రాజును కోటలోంచి బయటికి తీసి, పక్కన ఒక్క భటుడు కూడా లేకుండా నడిపించుకుంటూ తెచ్చి, సరిగ్గా నాగులేటి రేవులో నిలబెట్టాడు. అవతల ఒడ్డున తమ్ముడి ఈటెల దళం. నా తెలివికి అది ఆత్మహత్య. 'అయింది' నొక్కాడు.

నేను కారెంపూడి చేరేసరికి అక్కడ డప్పులు మోగుతున్నాయి. ఉత్సవాల మొదటిరోజు. అంకారావు నన్ను తెరిచాడు. రేవులో ఒంటరిగా నిలబడ్డ రాజును చూసి కుర్చీ ముందుకు లాక్కున్నాడు. బాణం గుర్తును తన ఈటెల దళం మీదకు, అక్కణ్నుంచి అన్న రాజు మీదకు జరిపాడు. ఎర్ర కత్తి వెలిగింది. పొడవమంటావా అని అడిగే కత్తి అది. నా ఇన్నేళ్ల తహతహ అంతా దాని కోసమే. నొక్కు, నొక్కు అని లోపల అరిచాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, అరిచాను.

అతని చెయ్యి ఆగింది. "రేపు రాయబారం" అన్నాడు తనలో తను. ఉత్సవాల్లో రెండో రోజు పేరది, యుద్ధం వద్దని సంధి అడిగే రోజు. నాలో ఏనుగులున్నాయి, గుర్రాలున్నాయి, రాయబారి బొమ్మ మాత్రం లేదు. అందుకని అన్న తన రాజునే పంపాడు.

అంకారావు ఫోన్ తీశాడు. అవతల రెండుసార్లు మోగగానే ఎత్తారు.

"అన్నా."

"ఆఁ" అని వినిపించింది.

"రాజును ఏట్లో ఒంటరిగా నిలబెట్టావేంది?"

"చూశావా? పొడుస్తావేమోనని పొద్దుట్నుంచి ముద్ద దిగలేదురా అంకయ్యా."

పక్కనే ఉండి వింటున్న కోటేశ్వరి ఫోన్ లాక్కుంది. "బావగారూ, రేపు పొద్దున్నే మొదటి బస్సుకి వచ్చెయ్యండి. ఆ కర్ర కూడా తెండి. మీ తమ్ముడు మొన తోమి పెడతాడు."

ఆ తర్వాత జరిగింది నేను చూడలేదు. అయితే మూడు రోజులకు నా పక్కన ఒక ఫొటో వచ్చి చేరింది. నాకు పదింతలుంటుంది, గర్వం కూడా అంతే. అందులో పాత కర్రకు ఇనుప పట్టీలు బిగించిన ఈటె ఉంది. ముందు కొస అన్న భుజం మీద, వెనక కొస తమ్ముడి భుజం మీద. ఇద్దరూ నాగులేరు దాటుతున్నారు. నీళ్లు చీలమండల దాకా కూడా లేవు. తొమ్మిదేళ్లు నేను దాటనివ్వని ఏరు అదేనట. నాకు చాలా సిగ్గేసింది.

ఇప్పుడు వాళ్లు ఫోన్లలో మాట్లాడుకుంటారు, పోట్లాడుకుంటారు కూడా. నన్ను ఎవరూ తెరవరు. ఆగమేఘాల మీద తిరిగినవాణ్ణి ఒకేచోట పడి ఉండటం నా వల్ల కావడం లేదు. రాజు ఇంకా రేవులోనే నిలబడి ఉన్నాడు. మూల ఎర్ర అంకె వెలుగుతూనే ఉంది. ఎవరైనా తెలియక మీట నొక్కుతారేమోనని ఈమధ్య నాకు భయం కూడా పట్టుకుంది.

మొన్న షాపులోకి కొత్త కంప్యూటర్ వచ్చింది. కోటేశ్వరి నేనున్న పాతదాని మీద దుమ్ము దులుపుతూ, "దీన్ని పాత సామానోడికి ఏసేద్దామా?" అంది.

"వద్దు, అటక మీద పెట్టు" అన్నాడు అంకారావు. "ఇంకా నా వంతు ఉంది అందులో."