జిల్లాలో మొదటి స్థానం

పొద్దుటి నుంచి పిండి ముక్కలు నూనెలో వేసి బోర్సోకులు వేయిస్తూనే ఉంది జైనగుల్. ఇంట్లో విందు. ఆమె బావగారు హెడ్మాస్టరుగా ఉన్న హైస్కూలు జిల్లాలో మొదటి స్థానంలో నిలిచింది. పదకొండో తరగతికి లెక్కల టీచరు జైనగులే. అయినా విందు ఆయనకి, పొయ్యి దగ్గర చాకిరీ ఈమెకి.

"పొంగినవి మగవాళ్ళకి పంపు. మాడినవి మనకుంచు," అంది అత్తయ్య.

ఎలా వచ్చిందని ఆ మొదటి స్థానం? కాలేజీ ప్రవేశ పరీక్ష రాసినవాళ్ళ సగటు మార్కులే బడికి లెక్క. రాయనివాళ్ళు లెక్కలోకే రారు. చలికాలంలో ఓ రోజు టీ పోస్తుంటే బావగారు అన్నారు, "నీ క్లాసులో ఏడుగురు మొద్దులున్నారు చూశావూ, వాళ్ళని దరఖాస్తు పెట్టనివ్వకు. వచ్చే ఏడు రాసుకుంటార్లే. నువ్వంటే వాళ్ళకి ప్రాణం, నీ మాటైతే వింటారు."

"పాపం, వాళ్ళు కూడా..." అనబోయింది.

"అన్నయ్య చెప్పింది చెయ్. పంతులమ్మ వేషాలు బళ్ళో వేసుకో," అన్నాడు ఆమె మొగుడు మెదెర్. బళ్ళోనూ ఆ అన్నయ్యేగా! ఇంకెక్కడ వేసుకోవాలిట?

మంచులో ఏడు గడపలూ ఎక్కి దిగింది. ఆరుగురు తలూపారు. నాజిక్ మాత్రం ఏడ్చింది. "ఈ ఏడు రాయకపోతే నాన్న పెళ్ళి చేసేస్తాడు టీచర్."

"అలా ఏం కాదులేవే. మీ నాన్నతో నేను మాట్లాడతాగా."

మాట్లాడలేదు. అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులు, ఇంటి చాకిరీ, దిద్దాల్సిన పేపర్లు. సాకులన్నీ నిజాలే. అందుకే ఆమెకి మరీ సిగ్గు.

ఇప్పుడు నాజిక్ పక్కింటి కోడలు. సాయం చెయ్యమని దాని అత్తగారు పంపితే, తలకి కొత్త కోడళ్ళ తెల్ల రుమాలు కట్టుకుని పెరట్లో గిన్నెలు తోముతోంది.

"మన బడి ఫస్టొచ్చిందంట కదా టీచర్!" అంది. నిజంగానే సంబరపడింది, పిచ్చిది. కాసేపటికి తలెత్తకుండానే అడిగింది, "నేను రాసుంటే ఎన్నొచ్చేవి?"

నమూనా పరీక్షలో దానికి తక్కువైనవి ఆరు మార్కులు. రోజూ ఓ గంట దగ్గర కూర్చోబెట్టుకుంటే వచ్చేసేవి. ఆరంటే ఆరు!

"పాసయ్యేదానివే," అంది జైనగుల్. అనేశాక నాలుక్కరుచుకుంది. నాజిక్ తోమిన గిన్నెనే మళ్ళీ తోమసాగింది.

"కోడలేదీ? తనూ ఓ మంచి మాట చెప్పాలి!" లోపలినుంచి కేకేశారు. విందులో ఒక్కొక్కరే లేచి పొగడాలి, అది రివాజు. జిల్లా విద్యాధికారి కూడా వచ్చి, "మా తోక్తోసున్ లాంటి హెడ్మాస్టరు లేడు," అని పొగిడి కూర్చున్నాడు.

"పెద్దాయన చలవ అని చెప్పి వచ్చెయ్," గొణిగింది అత్తయ్య. మెట్టినింటి మగవాళ్ళ పేర్లు కోడలి నోట రాకూడదు. పద్నాలుగేళ్ళుగా ఇంట్లోనూ బళ్ళోనూ ఆయన పెద్దాయనే.

జైనగుల్ చేతులు తుడుచుకుని వెళ్ళి నిలబడింది. "ఈ ఫస్టు మా క్లాసులో పరీక్ష రాయని ఏడుగురి పుణ్యం. అందులో ఒకతె మన పెరట్లో గిన్నెలు తోముతోంది," అంది.

"ఏంటే ఆ మాటలు! లోపలికి పో," అన్నాడు మెదెర్.

ఆమె కదల్లేదు. విద్యాధికారి వైపు తిరిగింది.

"వాళ్ళ ఇళ్ళకి వెళ్ళి రాయొద్దని చెప్పింది నేను. ఆ పాపం నాదే. నన్ను పంపింది తోక్తోసున్."