ఊడిరాని ప్లేటు

"స్క్రూలు ఇంకో సుట్టు తిప్పు. ఆ పొద్దు మాదిరి నలుగురి ముందర ప్లేటు ఊడొస్తే నా పరువు పోతాది," అనేసి కిషోర్ బోటు దగ్గరికి వెళ్లిపోయాడు.

పల్లవి రేకుల షెడ్డులో చాప మీద కూర్చుని, నీళ్ల మీద జారే స్కీ పలకను ఒళ్లో అడ్డంగా పెట్టుకుంది. చీకటితోనే మదనపల్లెలో లేచి, పులిహోర కలిపి, అత్తకు మాత్రలిచ్చి, లైఫ్ జాకెట్లు మూటగట్టి, టమోటా లారీల వెనకే పుంగనూరు దాటి ఈ చెరువు కట్టకు వచ్చేసరికే ఒళ్లు హూనమైంది. అసలు పని ఇంకా మొదలే కాలేదు. కాసేపట్లో బెంగళూరు నుంచి టూరిస్టులు దిగుతారు. కిషోర్ బోటు నడుపుతాడు. దాని వెనక తాడు పట్టుకుని నీళ్ల మీద జారుతూ పోయేది పల్లవి. ఇందాక పులిహోర వడ్డించిన మనిషే అలా లేచి నిలబడితే జనం ఫోన్లు పైకెత్తుతారు. "మా ఇంటామే," అంటాడు కిషోర్ ఛాతీ విరుచుకుని. ఇంటామె కాబట్టి జీతం మాటే రాదు.

ఇది స్లాలమ్ స్కీ. రెండు కాళ్లకూ ఒకటే స్కీ, ఒక పాదం ముందు, ఒకటి వెనక. బూట్లను ప్లేటుకు బిగించి, ప్లేటును స్కీకి పెడతారు. కిషోర్ ఈ మధ్య తెచ్చింది పొడుగు ప్లేటు, దాని మీద గట్టి బూట్లు రెండు, అవీ అతని సైజువే. పల్లవి రెండు జతల సాక్సులు తొడుక్కుని సర్దుకోవాలి. గట్టిగా పడితే ఆ ప్లేటు రెండు కాళ్లతో సహా స్కీ నుంచి ఊడిపోవాలి. అందుకే దాన్ని అడుగున అంటుకునే పట్టీలతోనే నిలుపుతారు. దాని మీద మొదటిసారి పడ్డప్పుడు అలాగే ఊడింది. పల్లవి మునిగి తేలి, ఒంటి మీద గీత కూడా పడకుండా నవ్వుతూ ఒడ్డుకొచ్చింది. చూసేవాళ్లూ నవ్వారు. ఆ నవ్వు కిషోర్‌కు ముల్లులా గుచ్చుకుంది. మర్నాడే డ్రిల్లు పట్టుకొచ్చి ప్లేటును స్కీకి స్క్రూలతో బిగదీశాడు.

ఆ తర్వాత పడ్డప్పుడు ఏదీ ఊడలేదు. స్కీ ఒకవైపు తిరిగింది, మోకాలు దాంతో పాటే తిరిగింది. నీళ్లలో అరిస్తే ఎవరికి వినపడుతుంది? మంచాన పడి ఉంటే అత్త రత్నమ్మ గడపలో నిలబడి, "పెండ్లయినదానికి నీళ్ల మింద గంతులు యాల?" అంది. గంతులు వేయిస్తున్నది తన కొడుకేనన్న సంగతి ఆవిడకు గుర్తు రాలేదు. కిషోరేమో, "నువ్వు సరిగా నిలబడల్యా, అంతే," అని తేల్చేశాడు. స్క్రూలతో కాలు పోతుందని ఆయనకు తెలియదు పాపం, మోటు మనిషి, అనుకుని పల్లవి తనకు తానే సర్దిచెప్పుకుంది. ఈ రోజు మళ్లీ ఎక్కాలి. రాత్రంతా కాలు దానంతటదే అదిరింది. భయం, ఒట్టి భయం.

ఏ కాలు ముందుండాలన్నదీ ఎప్పుడూ అతని మాటే. నేర్పిన కొత్తలో, మనిషిని వెనక నుంచి తోస్తే ఏ పాదం ముందుకు పడితే అదే ముందు బూటులో పెట్టాలని చెప్పి, పల్లవి వీపు మీద తోశాడు. కుడికాలు పడింది. కిషోర్ పకపకా నవ్వాడు. "అది కొత్త కోడలి అలవాటు మే! కుడికాలు పెట్టి రామ్మా అని మాయమ్మ అన్న్యాది గదా, అదింకా పోల్యా నీకు. నీ అసలు కాలు ఎడమదే," అని, తన మాదిరే ఎడమకాలు ముందుండేలా బిగించేశాడు. కుప్పంలో అమ్మతో చెబితే ఆమె కూడా నవ్వింది. అయ్యో రామా, ఇన్నేళ్లూ పల్లవి అతని కాలి మీదే నిలబడింది.

షెడ్డు మూల నుంచి పాత డబ్బా లాగింది. అందులో పొట్టి ప్లేటు ఒకటి ఉంది. ముందు పాదానికి మెత్తని రబ్బరు బూటు, వెనక పాదానికి వేళ్లను పట్టే పట్టీ, అంతే. పడితే కాళ్లు రెండూ వాటంతటవే జారిపోతాయి. కుడిపాదం బూటులో పెట్టి చూసుకుంది. సరిపోయింది. కానీ స్కీ మీద ఉన్నది తియ్యాలంటే చెయ్యి రాలేదు. అడక్కుండా తీస్తే ఇల్లు పీకి పందిరేస్తాడు.

"ఇంకా కాల్యా? కార్లు వస్తాండాయి!" కిషోర్ తలుపులో నిలబడ్డాడు. డబ్బా చూసి మొహం చిట్లించాడు. "ఆ పాతది యాల తీసినావు?"

"నాకు భయంగా ఉండాది మామా."

"కందకు లేని దురద కత్తిపీటకు యాల? గుంజేవాన్ని నేనుండాను గదా!"

ఇందులో కంద ఎవరో ఆ మహానుభావుడికే తెలియాలి. తెగేది మాత్రం పల్లవి మోకాలు.

"అయితే ముందు నువ్వెక్కు మామా," అంది పల్లవి. "బూట్లు నీ సైజువే, ముందుండేది నీ కాలే. ఒక్క సుట్టు తిరిగిరా. నువ్వు నేర్పిందే గదా, బోటు నేను తోలతా."

కిషోర్ స్కీ వైపు చూశాడు. కట్ట మీద కార్ల తలుపులు పడుతున్న చప్పుడు.

"సరే, ఎక్కుతా. ముందు ఆ స్క్రూలు తీసెయ్."

పల్లవి చేతులు ఆగిపోయాయి. తెలుసు. ఇతనికి తెలుసు! మంచం పక్కన కూర్చుని మోకాలికి నూనె రాసినప్పుడూ తెలుసు. నీళ్లంటే ఉన్న భయం ఈ భయం ముందు ఏపాటిది? ఈ మనిషి పక్కనే రోజూ కళ్లు మూసుకుని పడుకుంది.

స్క్రూలన్నీ ఊడదీసింది. కిషోర్ నిమ్మళంగా చెప్పులు విప్పాడు. ఆమె పొడుగు ప్లేటును బూట్లతో సహా ఎత్తి అతని పక్కన పెట్టింది. పొట్టి ప్లేటును స్కీ మీద పెట్టి, కుడి పాదం ముందుండేలా తిప్పి బిగించుకోసాగింది.

"నన్ను ఎక్కమని, ఇదేంది? మళ్లా నువ్వే ఎక్కుతావా?"

"ఎక్కుతా మామా, ఈ పొద్దు కాదు. బోటు తోలేదానికి ఇంకెవరన్నా దొరికినాక. తెలిసీ స్క్రూలు బిగించిన మనిషి గుంజే తాడు నేను పట్టుకోను."