పార్థసారథి ఇంటి ఫ్రిజ్‌లో వెలుతురు

ఫ్రిజ్ తయారుచేసినవాడు జన్మలో వంటింట్లోకి పోయినవాడు కాడు. పోయి ఉంటే దీపాన్ని తీసుకెళ్ళి పై అరలో, వెనక మూలన, ఐసు పెట్టె పక్కన బిగించేవాడు కాదు. తలుపు తీస్తే ముందు అడ్డం వచ్చేది పాలగిన్నె. దాని వెనక ఎక్కడో పదిహేను వాట్ల బల్బు. గిన్నెకు అవతలి వైపంతా తళతళ, చెయ్యి పెట్టాల్సిన మన వైపు చీకటి. ఈ మాట నేను 1969 ఎండాకాలంలో అన్నాను, ఇప్పటికీ అంటాను. నాకు కోపం తొందరగా వస్తుందని మా బజారంతా చెప్పుకుంటారు. నిజమే, వస్తుంది. అయితే రావలసిన మనిషి మీద రావడానికే ఒక్కోసారి ఆలస్యమవుతుంది.

నా పేరు మున్వర్. ప్రొద్దుటూరులో రేడియోలు బాగుచేసే అంగడి నాది. ఆ రోజుల్లో ఊర్లో ఫ్రిజ్‌లు వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని ఉండేవి. అందులో ఒకటి పార్థసారథి ఇంట్లో ఉండేది. పార్థసారథీ నేనూ ఆరో ఫారం దాకా ఒకే బెంచీ మీద కూర్చున్నాం. నేను ఇంగ్లీషులో తప్పి అంగట్లో కూర్చున్నాను, వాడు బి.ఎస్సీ. చదివి హైస్కూల్లో సైన్సు అయ్యవారయ్యాడు. జమ్మలమడుగులో ఒక ఆఫీసరు బదిలీ మీద పోతూ ఫ్రిజ్ అమ్ముతుంటే నేనే చూసి, బేరం చేసి, లారీలో తెచ్చి వాళ్ళింట్లో దించాను.

వాళ్ళమ్మ సీతమ్మగారిది గట్టి మడి. ఫ్రిజ్‌లో కమ్మీల అరలుంటాయి కదా, వాటి మీద ఆమె ఇత్తడి పళ్ళేలు పరిచి, పళ్ళేల మీద తన గిన్నెలు పెట్టుకునేది. నేను ఎప్పుడైనా ఫ్రిజ్ మీద చెయ్యి వేస్తే తర్వాత పసుపు నీళ్ళు చల్లేది. చాటుగా కాదు, నేనుండగానే చల్లి, "ఏమనుకోవద్దు నాయనా" అనేది. నేనేమీ అనుకునేవాణ్ణి కాదు. మొహం మీద చెప్పే మనిషితో నాకు ఎప్పుడూ పేచీ లేదు.

ఆ ముందు ఏడాది చలికాలంలో నా భార్య ఖదీజాకు చక్కెర జబ్బని తేలింది. రోజూ ఇన్సులిన్ సూది వేసుకోవాలనీ, మందు సీసాలు చల్లగా ఉండే చోటే పెట్టాలనీ జమ్మలమడుగులో డాక్టరమ్మ చెప్పింది. మాది రేకుల ఇల్లు. మా ఇంట్లో చల్లగా ఉండేది నీళ్ళ కుండ ఒక్కటే. నేరుగా పార్థసారథి దగ్గరికి పోయాను.

"మీ ఫ్రిజ్‌లో ఓ మూల నాలుగు సీసాలు పెట్టుకోవల్ల పార్థా. అమ్మ ఏమన్నా అంటాదేమో అడుగు" అన్నాను.

"అడిగేదేముందప్పా. ఆ ఫ్రిజ్ తెచ్చిందే నువ్వు. సీసాలు ఇచ్చిపో" అన్నాడు వాడు. నా చేతిలోంచి తనే తీసుకున్నాడు. ఇంటికొచ్చి ఖదీజాతో, స్నేహితుడంటే వాడు, అన్నాను.

అప్పటినుంచి రోజూ పొద్దున ఖదీజా వాళ్ళింటికి పోయేది. పార్థసారథి భార్య అనసూయ ఒక గ్లాసులో ఐసు ముక్కలు వేసి, మధ్యలో సీసా నిలబెట్టి ఇచ్చేది. పక్క వీధిలో కాంపౌండరు ఖలందర్ సూది వేసేవాడు. వచ్చేటప్పుడు ఖదీజా సీసాను మళ్ళీ అనసూయకు ఇచ్చి వచ్చేది. ఐసు ముక్కలు కూడా వేసి ఇస్తారే, ఎంత మర్యాదస్తులో అని ఇద్దరం చెప్పుకునేవాళ్ళం.

శివరాత్రి దాటిన తర్వాత ఖదీజా ఆరోగ్యం తిరగబడింది. దాహం, నీరసం. ఎడమ కాలి వేలికి రాయి తగిలి అయిన పుండు మానలేదు. జమ్మలమడుగు తీసుకుపోతే డాక్టరమ్మ పరీక్ష చేసి, "మందు సరైనదే. ఏం తింటోంది?" అని నన్ను అడిగింది. ఖదీజాను కాదు, నన్ను అడిగింది. నెలలో చక్కెర దిగకపోతే వేలు తీయక తప్పదంది.

బస్సులోనే మొదలుపెట్టాను. ఏం తింటున్నావు, ఎప్పుడు తింటున్నావు అని. రాగి సంకటీ, ఆకుకూరా తప్ప ఏమీ తినడం లేదంది. నేను నమ్మలేదు. బెల్లం కుండ తీసుకుపోయి అంగట్లో పెట్టుకున్నాను. కమలాపురంలో వాళ్ళ చెల్లెలి పెళ్ళికి పోతే, నలుగురిలో ఆమె విస్తరిలోంచి తీపి తీసి పక్కన పడేశాను. ఒక రోజు ఆమె ఖురాన్ మీద చెయ్యి పెట్టబోతే, "అబద్ధానికి అంత దూరం పోవద్దు, చెయ్యి తియ్యి" అన్నాను. ఆమె చెయ్యి తీసేసింది. ఇవన్నీ నేను చేసినవే, ఇంకొకరి మీదికి తోయడానికి లేదు.

ఈ బాధంతా పార్థసారథితోనే చెప్పుకున్నాను. వాడు తల ఊపుతూ విన్నాడు. "ఆడోళ్ళకు నోరు కట్టుకోవడం కష్టమప్పా. నువ్వే కొంచెం కనిపెట్టుకోని ఉండు" అన్నాడు. ఆ మాట గుర్తు పెట్టుకోండి, నేను మాత్రం చచ్చేదాకా మరిచిపోను.

ఇంతలో ఒక రోజు ఖదీజా సూదికి పోయి శానా ఆలస్యంగా వచ్చింది. ఎందుకని అడిగితే, "అనసూయ వదినకు ఫ్రిజ్‌లో సీసా కనపడలేదంట. చీకటిగా ఉందంట. నన్ను వసారాలో కూర్చోబెట్టి శానాసేపు లోపలే ఉండిపోయింది" అంది. నాకు వెంటనే ఆ ఇత్తడి పళ్ళేలు గుర్తొచ్చాయి. కమ్మీల సందుల్లోంచి దిగే కాస్త వెలుతురునూ అవి ఆపేస్తున్నాయి. కింది అర గుయ్యారం, కటిక చీకటి. పైగా వెతుకుతూ తలుపు అంతసేపు తెరిచిపెడితే లోపలి చలువంతా బయటికి పోతుంది, మందుకు మంచిది కాదు. ఆ ఇంటి రుణం కొంచెమన్నా తీర్చుకున్నట్టుంటుంది, ఆ ఫ్రిజ్‌లో దీపం సరిచేస్తాను అనుకున్నాను.

పెద్ద బల్బు పెట్టడం మూర్ఖుడి పని. బల్బు పెద్దదైతే వేడీ పెద్దదే, చల్లబరిచే పెట్టెలో కుంపటి పెట్టినట్టే. దీపం వెనకనుంచి కాదు, మన వైపునుంచి పడాలి. నా అంగట్లో రేడియో డయలుకు వాడే చిటికెన వేలంత బల్బులుండేవి. వాటికి వేడి ఉండదు, ఆరు వోల్టుల కరెంటు చాలు, తడి చేత్తో తాకినా భయం లేదు. తలుపు చట్రానికి లోపలి అంచున అటు రెండు, ఇటు రెండు, మొహాలు లోపలికి తిప్పి పెడితే సరి. ఒక్కోదాని వెనక సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం, ముందు పాలరంగు గాజుముక్క. ట్రాన్స్‌ఫార్మర్ ఫ్రిజ్ వెనక గోడకు. తీగ పాత బల్బు కన్నంలోంచే వస్తుంది, తలుపు తీస్తే వెలిగే స్విచ్చీ అదే. సబ్బుల పెట్టెలో టిఫిన్ క్యారియర్లు పేర్చి వారం రోజులు సరిచూసుకున్నాను. అడుగున పెట్టిన అగ్గిపెట్టె మీది అక్షరాలు కూడా చదవగలిగాను.

పార్థసారథికి చెబితే మొహం అదోలా పెట్టాడు. ఒకసారి అమ్మకు ఒంట్లో బాగలేదన్నాడు. ఇంకోసారి పరీక్షలు అయిపోనీ అన్నాడు. మూడోసారి, "ఎందుకప్పా నీకు శ్రమ" అన్నాడు. మొహమాటపడుతున్నాడనుకుని ఇంకా ముచ్చటపడ్డాను. వాడు పరీక్షల డ్యూటీ మీద పులివెందులకు పోయిన రోజు చూసి, సామాన్ల సంచీతో వాళ్ళింటికి పోయాను. సాయంత్రం వచ్చి తలుపు తీసి ఆశ్చర్యపోవాలని నా ఆశ.

అనసూయ గుమ్మంలోనే తడబడింది. "ఆయన లేరు కదన్నా, ఇంకో రోజు చూద్దాం" అంది. లోపలినుంచి సీతమ్మగారు, "రానీ, ఆ చీకట్లో చెయ్యి పెట్టలేక నేనూ చస్తాండా. గిన్నెలు తీసేదాకా ఆగు నాయనా" అన్నారు. గిన్నెలన్నీ తీసి చాప మీద పెట్టారు. రెండు గంటలు పట్టింది పని. అయ్యాక మళ్ళీ పళ్ళేలు పరిచి, గిన్నెలన్నీ వాళ్ళ చేతులతోనే సర్దుకున్నారు. తలుపు మూసి, తీశాను.

నా పని నేను మెచ్చుకోకూడదు గానీ, పట్టపగల్లా ఉంది. పాలగిన్నె మీద మీగడ కనిపిస్తోంది, పెరుగు మూత, నిమ్మకాయలు, పూల పొట్లం, కింది అరలో వెనకనున్న చింతపండు పచ్చడి జాడీ, దాని మీద తడి. సీతమ్మగారు వంగి చూసి, "అబ్బ, అన్నీ కనపడతాండాయి" అన్నారు.

అన్నీ కనిపించాయి. నేను ఎవరి కోసం ఈ దీపాలు పెట్టానో ఆ సీసాలు మాత్రం లేవు.

"మందు సీసాలు యాడమ్మా?" అన్నాను అనసూయతో.

"గిన్నెలు తీసినప్పుడు పక్కన పెట్టినట్టుంది" అంది. చాప ఖాళీగా ఉంది. ఆమె నా మొహం చూడటం లేదు.

సీతమ్మగారికి మా ఇద్దరి వ్యవహారం అర్థం కాలేదు. "ఏ సీసాలు? ఆ సూది మందా? అవి ఈ ఫ్రిజ్‌లో యాడుండాయి నాయనా. గొడ్డు కడుపులోంచి తీసే మందంట గదా, మావాడే చదివి చెప్పినాడు. దేవుడికి పెట్టే పాల పక్కన అదెట్ల పెడదును? మొదటి రోజే వద్దన్నా. నీకు చెప్పి వేరే పెట్టిస్తానన్నాడే. చెప్పలేదా?"

ఆమె మొహంలో అబద్ధం లేదు. చెప్పాడనే ఆమె అన్ని నెలలూ నమ్మింది.

"యాడుండాయి?" అని అనసూయను మళ్ళీ అడిగాను. ఆమె ఏడుస్తూ పెరటి వైపు చెయ్యి చూపింది. పెరట్లో స్నానాల గది, పైన రేకులు, మూలన వేన్నీళ్ళ కాగు, కాగు మీద గూట్లో ఒక బిస్కెట్ల డబ్బా. డబ్బా మూత తీసి సీసా పట్టుకున్నాను. వెచ్చగా ఉంది. అప్పుడే పెట్టిన కోడిగుడ్డంత వెచ్చగా ఉంది.

"పొద్దున్నే ఐసులో పెట్టి ఇస్తే చాలన్నారన్నా ఆయన. సీసా చల్లబడక ఆలస్యమైన రోజు చీకటని చెప్పినా" అంది అనసూయ వెనకనుంచి.

సీసాలు జేబులో వేసుకుని బస్టాండుకు పోయాను. పులివెందుల బస్సు ఐదింటికి వచ్చింది. పార్థసారథి గొడుగు చంకలో పెట్టుకుని దిగాడు. నన్ను చూసి నవ్వబోయాడు. ఒక సీసా తీసి వాడి అరచేతిలో పెట్టాను. వాడి నవ్వు ఆగిపోయింది.

"ఇది వేడికి చెడిపోతాదని నీకు తెలుసా, తెల్దా?"

"తెలుసు" అన్నాడు.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు ఆ రోజు ఎంతో ఆశగా వచ్చినావప్పా. నీ మొహం చూసి కాదనలేకపోయినా. చలికాలమే కదా, ఏం కాదులే అనుకున్నా. ఎండలు ముదిరినాక భయమేసింది. అప్పుడు చెప్తే, ఇన్నాళ్ళు ఏం చేస్తాండావని అడుగుతావని..."

"లేదని ఒక్క మాట అనుంటే సోడా అంగడి అమీర్ బాషా కాళ్ళు పట్టుకోనైనా ఐసు పెట్టెలో పెట్టించుకునేవాణ్ణి గదా."

వాడు తల దించి సీసా వైపు చూశాడు.

"సరే, అది మొహమాటం. నా పెండ్లాం దొంగతిండి తింటాందని నీ దగ్గర నేను ఏడిస్తే, ఆడోళ్ళకు నోరు కట్టుకోవడం కష్టమన్నావే. అదేంది? అది కూడా మొహమాటమేనా?"

వాడు గొడుగు ఆ చంకలోంచి ఈ చంకలోకి మార్చుకున్నాడు. చుట్టూ జనం ఆగి చూస్తున్నారు. కొడదామనే పోయాను, దాచడమెందుకు. కానీ వాడి అరచేతిలో ఆ సీసా అలాగే ఉంది. ఇరవై ఏళ్ళు నేను అన్నా, తమ్ముడూ అనుకున్న మనిషి నా భార్య కాలు కుళ్ళిపోతుంటే చూస్తూ, నాకు ఒక్క మాట చెప్పడానికి సిగ్గుపడ్డాడు. చెప్పడానికి సిగ్గుపడ్డాడు గానీ చూడటానికి పడలేదు. ఆ సీసా వాడి దగ్గరే వదిలేసి వచ్చేశాను. వాడితో అదే నా చివరి మాట.

ఇంటికి పోయేసరికి ఖదీజా కాలు పీట మీద పెట్టుకుని కూర్చుని ఉంది. నిలబడే అంతా చెప్పాను. పార్థసారథిని నోటికొచ్చినట్టు తిట్టాను, వాడి చదువునూ తిట్టాను. ఇంట్లో మాది ఉర్దూ, ఆమె అన్న మాటలు తెలుగులో రాస్తున్నాను గానీ, అవి ఉర్దూలోనూ ఇంత నిదానంగానే ఉన్నాయి.

"అనసూయ ఏడ్చిందా?" అని అడిగింది.

"ఏడ్చింది."

"వాళ్ళు పరాయివాళ్ళు. వాళ్ళింట్లో మన మందుకు చోటు లేకపోయింది. అంతే కదా." పీట మీద కాలు సర్దుకుంది. "నేను తినలేదని నీకు ఎన్నిసార్లు చెప్పాను?"

తిట్లన్నీ అయిపోయి, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక అలాగే నిలబడిపోయాను.

మరుసటి రోజు జమ్మలమడుగు పోయాం. డాక్టరమ్మ ఆసుపత్రిలోనే ఉంచుకుని కొత్త సీసాలతో సూదులు వేసింది. అదే సంకటి, అదే ఆకుకూర. చక్కెర పదిహేను రోజుల్లో దిగింది. పుండు మాత్రం అప్పటికే ఎముక దాకా పోయి ఉంది, రెండు వేళ్ళు తీసేశారు.

ఆ తర్వాత ఊర్లో నలుగురైదుగురు ఫ్రిజ్‌ల వాళ్ళు నా అంగడికి వచ్చి, అయ్యవారింట్లో పెట్టినట్టే మాకూ దీపాలు పెట్టమని అడిగారు. పెట్టాను, పని పనే కదా. పార్థసారథి బదిలీ చేయించుకుని చెన్నూరు వైపు పోయాడు. సీతమ్మగారు ఊరు విడిచి పోయే ముందు మా ఇంటికి వచ్చి, ఖదీజా చేతులు పట్టుకుని కూర్చుని పోయారు.

ఖదీజా నన్ను ఆ తర్వాత ఒక్క మాట కూడా అనలేదు. ఆసుపత్రినుంచి వచ్చిన రోజు మధ్యాహ్నం అన్నం పెట్టుకుని, తినబోయే ముందు కంచం తెచ్చి నా ముందు పెట్టింది. చూడు అంది. వద్దన్నాను. నేను చూసేదాకా ముద్ద ఎత్తలేదు. అది జరిగి పదకొండేళ్ళయింది. ఇప్పటికీ రెండు పూటలా చూపిస్తుంది, కోపంతో కాదు, అలవాటుగా. నేనూ రెండు పూటలా చూస్తాను.