తిరగేసిన కవర్లు

కెటిల్ మూతి దగ్గర పట్టిన కవరు అతుకు మెత్తబడి, నెమ్మదిగా నోరు తెరిచింది. అటెండరు దాన్ని బల్లమీద పరిచి, అరచేత్తో ఒకసారి రాశాడు. లోపలి తెల్లటి వైపు పైకి వచ్చేలా మడిచి, అంచులకు జిగురు పూశాడు. వచ్చిన కవరు ఇంకోసారి పోవడానికి సిద్ధమైంది.

ముప్పై ఒక్క ఏళ్లుగా ఆఫీసులో అందరికీ ఆయన కవర్ల మావయ్య. కాగితం దొరకని రోజుల్లో అప్పటి పెద్దగుమాస్తా నేర్పిన పని అది. కొరత తీరింది గానీ ఆయన చెయ్యి ఆగలేదు. ఒకవైపే టైపు కొట్టిన కాగితం ఎవరైనా నలిపితే ఒళ్లు మండేది. దానికింకా సగం ఆయుష్షుందంటూ లాక్కుని, దారంతో చిత్తుపుస్తకం కుట్టేవాడు.

అప్పట్లో జిగురు భార్య కాచేది. పురుగు పట్టకుండా మైదాపిండిలో చిటికెడు మైలుతుత్తం కలిపి, గరిటె వదలకుండా తిప్పేది. సాయంత్రాలు గుమ్మంలో ఎదురెదురుగా కూర్చుంటే ఆయన మడిచేవాడు, ఆమె అంటించేది. కవర్లమీది ఊళ్ల పేర్లు చదివించుకుని, అవన్నీ తిరిగొచ్చినట్టు మురిసిపోయేది. ఆమె పోయి ఆరేళ్లు. ఇప్పుడు ఆయనే కాస్తాడు, ఉండలు కడుతుంది.

ఈ రోజుతో ఉద్యోగం ఆఖరు. పొద్దున్నే కొత్త కవర్ల పెట్టెలు దిగాయి. పాత కవర్ల మూటలు మూడూ సాయంత్రం పెరట్లో తగలబెట్టించమన్నాడు సూపరింటెండెంటు. మావయ్య తాను పట్టుకుపోతానంటే, ఒంటిగాడివి, ఇంట్లో ఏం చేసుకుంటావని అడిగాడు. మావయ్య వంగి మూటల ముడులు ఇంకాస్త బిగించాడు.

నాలుగు మంచిమాటలు చెప్పి, టీ ఇచ్చారు. తర్వాత ఎవరి పనిలో వాళ్లు పడ్డారు. ఉత్తరాలు పంపే అమ్మాయి వచ్చి ఆయన ఎదుట కూర్చుంది.

"మావయ్యా, మూటలు నా బల్ల కిందికి తోయించాను. సారుతో నేను చెప్పుకుంటాలే. ఎలా చెయ్యాలో చూపించి వెళ్లు."

"నీకెందుకు తల్లీ ఈ బంక పని?"

"పారెయ్యబోతే నీ కేకే వినబడుతుంది. ఇంకేం చెయ్యను?"

ఆమె అతుకు విప్పింది. ఆవిరి చురుక్కుమంటే వేలు నోట్లో పెట్టుకుంది. ఒద్దికగా మడిచి, అంటించి, ఎత్తి చూపించింది. అంతా బాగానే చేసింది, తిరగెయ్యడమే మరిచిపోయింది. మావయ్య కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వాడు. ఆరేళ్లలో ఆ నవ్వు ఆఫీసులో ఎవరూ వినలేదు.

"ఉండనీ. రేపు విప్పి తిరగేద్దువుగాని," అని చెప్పులేసుకున్నాడు.

మెట్లమీద అడుగుల చప్పుడు ఆగిపోయింది. కిటికీ గట్టుమీద ఆ కవరు ఇంకా తడారలేదు. పైన అదే పాత చిరునామా, ఈ ఆఫీసుదే.